కొమ్మకు వేరు వచ్చుట: చేతి చలువయా, చేయు పద్ధతియా?

సోదరీమణులారా! పొరుగింటి పెరటిలో నిండుగా పూచిన మందారమును చూచి ముచ్చటపడి, ఒక కొమ్మ నడిగి తెచ్చి, తులసికోట ప్రక్కన గ్రుచ్చి, ఉదయ సాయంకాలములు చెంబెడు నీళ్లు పోయని యిల్లాలు మనలో ఎవరైన నుందురా? నాలుగు దినములు ఆ కొమ్మ పచ్చగా నిలుచును. అయిదవనాడు ఆకు వ్రేలవేయును. పదియవనాటికి ఎండుపుల్ల మిగులును. అప్పుడు ఇంటిలోని పెద్దలు “నీ చేతిలో చలువ లేదమ్మా” అని ఒక మాట అని యూరకుందురు. వారు మఱచిపోవుదురు గాని, ఆ మాట పడిన యామె మఱువదు. మరల నొక కొమ్మ నాటవలెనన్న ఆమె చేయి వెనుకాడును.

మేమును ఆ మాట పడినవారమే, చాలకాలము దానిని నమ్మినవారమే. ఆ నమ్మకము మాకెట్లు పోయినదో, దానితోపాటు కొమ్మకు వేరు తెప్పించు పద్ధతి యెట్లు పట్టుపడినదో చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఇందులో ఖర్చుతో కూడిన పని యొక్కటియు లేదు. గుప్పెడు ఇసుక, పదునైన కత్తి, కొంత నీడ, మిక్కిలి యోపిక ఉన్న చాలును.

మానేటి యొడ్డున మల్లెపొద

మా పుట్టినిల్లు పూర్వపు కరీంనగరము జిల్లాలో, మానేటి యొడ్డునున్న యొక పల్లె. 2016లో జిల్లాలను విభజించినప్పుడు అది రాజన్న సిరిసిల్ల జిల్లాలోనికి వచ్చినది. మాన్వాడయొద్ద మానేటికి అడ్డముగా కట్టిన మధ్య మానేరు జలాశయమున కొదురుపాక, వరదవెల్లి, చీర్లవంచ, అనుపురము మొదలగు ఊళ్లు మునిగిన సంగతి ఆ ప్రాంతపు సోదరీమణులకు విదితమే. మా పల్లెయు ఆ ముంపు పల్లెలలో నొకటి.

2018 వేసవిలో మా అమ్మ పునరావాస కాలనీకి సామాను చేరవేయుచుండెను. ద్వారబంధములు, దూలములు, రోలు, తిరుగలి, ఇత్తడి గంగాళములు అన్నియు బండి కెక్కినవి. బండి కెక్కనిది బావిగట్టున నున్న మల్లెపొద యొక్కటే. కాపురమునకు వచ్చిన యేడు అమ్మ దానిని తన పుట్టినింటినుండి తెచ్చి నాటుకొన్నదట. నలువది యేండ్ల పొద. మొదలు మణికట్టంత లావు. వేళ్లు బావి రాతికట్టులోనికి చొచ్చుకొని పోయినవి. దానిని పెల్లగింపవలెనన్న సగము బావి కూలును, పొదయు బ్రదుకదు. అమ్మ దేనిని గూర్చియు కన్నీరు పెట్టుకొనలేదు గాని, ఆ పొదవంక చూచునప్పుడు మాత్రము మాట తప్పించెడిది.

“కొమ్మలు తీసికొనిపోయి మేము బ్రదికించెదము” అని మేము ధైర్యము చెప్పితిమి. అది రోహిణి కార్తె. విరగబూసిన రెమ్మలనే పండ్రెండింటిని చూచి కోసి, వార్తాపత్రికలో చుట్టి, మధ్యాహ్నపు బస్సులో కరీంనగరమునకు వచ్చితిమి. ఇల్లు చేరుసరికి ఆకులు వడలి యున్నవి. మేడమీది తొట్టిలో బంకమన్నును పశువుల ఎఱువును కలిపి, పండ్రెండు రెమ్మలను గ్రుచ్చి, మూడుపూటల నీరు పోసితిమి. ఎనిమిదవనాటికి ఒక్కటియు మిగులలేదు. క్రింది వాటాలోని యామె చూచి పైని చెప్పిన మాటయే యన్నది. ఆ రాత్రి మాకు అన్నము రుచింపలేదు. పోయినది పండ్రెండు పుల్లలు కాదు, అమ్మకిచ్చిన మాట.

మేనత్త చెప్పిన పాఠము

మాకొక మేనత్త కలదు. ఇరువది యేండ్ల ప్రాయముననే పసుపుకుంకుమలు పోగొట్టుకొని పుట్టినింటికి వచ్చినది. పెరటి పని అంతయు ఆమెదే. ఏ కొమ్మ ఎప్పుడు కోయవలెనో, ఏ పాదుకు ఎంత నీరు కావలెనో చెప్పునది ఆమె. కాని మొక్కను భూమిలో పెట్టునది మాత్రము ఆమె కాదు. “నాటుటకు ముత్తైదువ చేయి కావలె” నని మా నాయనమ్మ నాటినుండి యింట నియమము. మేనత్త ప్రక్కన నిలిచి చెప్పుచుండగా అమ్మయో, పిన్నియో, పిల్లలమైన మేమో నాటెడివారము. ఇది అన్యాయమని మాకు ఆ వయసున తోచలేదు. అలవాటైన యన్యాయము వాకిటి గడప వంటిది. ప్రతిదినము దాటుచునే యుందుము, చూడము.

ఆశ్లేష కార్తెలో ఊరికి మరల పోయితిమి. ఇల్లు పైకప్పు లేక నిలిచియున్నది. ముసురు పట్టియున్నది. మేము జరిగినది చెప్పగా మేనత్త నవ్వి, “పువ్వు మీదున్న రెమ్మ కోసినవా బిడ్డా? రోహిణి ఎండల నాటినవా? గది నీ చేతి తప్పు గాదు, ఎండ తప్పు” అన్నది. తరువాత కత్తిపీట వద్దని, చిన్న చాకును వేడినీట కడిగి తెమ్మన్నది. ఆ దినము అమ్మకు జ్వరము. మా చంకలో పసిబిడ్డ ఏడ్చుచున్నది. నాటుటకు వేరొక చేయి లేదు. మేనత్త ఒక్క క్షణము ఆగి, కొంగు నడుమునకు చుట్టి, తానే కూర్చుండి పండ్రెండు కొమ్మలను నాటినది. అందులో తొమ్మిది బ్రదికినవి.

ఆమె చేసిన పనిని వరుసగా ఇచ్చట వ్రాయుచున్నాము. ఏ పని ఎందుకు చేయవలెనో తరువాత మావారి పాఠశాలలోని వృక్షశాస్త్ర గ్రంథములను చదివి తెలిసికొంటిమి. మేనత్త యనుభవమునకును ఆ శాస్త్రమునకును ఎచ్చటను పేచీ కనబడలేదు.

కొమ్మ నెన్నుకొనుట

మొగ్గతో, పువ్వుతో నున్న రెమ్మ పనికిరాదు. దానిలోని సత్తువ అంతయు పువ్వునకే పోవుచుండును. చిట్టచివరి లేతకొన నీరు నిలుపుకొనలేక వాడును. మొదటనున్న ముదురు కఱ్ఱ వేరు వేయుటకు మందగించును. ఈ రెంటికి నడుమ, పచ్చదనము తగ్గి గోధుమవన్నె తిరుగుచున్నట్టి, వంచిన వంగుచు గట్టిగా వంచిన పుటుక్కున విరుగునట్టి కొమ్మ శ్రేష్ఠము. మల్లె, మందారము, నందివర్ధనములకు ఇదియే కొలత. లావు పెన్సిలంత, పొడవు జానెడు, గణుపులు నాలుగు ఉండవలెను. పిండినల్లి పట్టినది, ఆకు ముడుచుకొన్నది, పచ్చ మచ్చలున్నది తీసికొనరాదు. తల్లిచెట్టు రోగము కొమ్మతో కూడ వచ్చును.

కోయు వేళ ఉదయము. రాత్రియెల్ల నీరు త్రాగి కొమ్మ నిండుగా నుండును. మధ్యాహ్నము కోసిన కొమ్మ అప్పటికే దప్పికతో నుండును. దూరము పోవలసి యున్నచో తడిగుడ్డలో చుట్టి, పైన అరటియాకో, నేటి దినములలో ప్లాస్టిక్ సంచియో కప్పవలెను. పొడి కాగితము కొమ్మలోని తేమను తానే పీల్చుకొనును. మా తొలి పండ్రెండు కొమ్మలు బస్సు దిగకముందే సగము చచ్చినవని ఇప్పుడు తెలిసినది.

కోత

క్రింది కోతను గణుపునకు కొంచెము దిగువగా, ఏటవాలుగా కోయవలెను. పై కోతను గణుపునకు అంగుళములో సగము పైగా, సమముగా కోయవలెను. వేళ్లు తొందరగా పుట్టు చోటు గణుపే. పై కోత సమముగాను క్రింది కోత ఏటవాలుగాను ఉన్నచో ఏది తల యేది కాలు అను సందేహము రాదు. తలక్రిందుగా నాటిన కొమ్మ సాధారణముగా బ్రదుకదు. కత్తి మొండిదైనచో కోత నలిగి క్రుళ్లును. కనుక పదునుగా నుండవలెను, శుభ్రముగా నుండవలెను.

క్రింది రెండు గణుపుల ఆకులను తీసివేయవలెను. పైన రెండు మూడు ఆకులనుంచి, అవి పెద్దవైనచో సగమునకు కత్తిరింపవలెను. ఆకు వెనుక కంటికి కనరాని రంధ్రములు వేలకొలది కలవు. వానినుండి నీరు ఆవిరియై యెడతెగక పోవుచుండును. వేరున్న చెట్టు పోయిన నీటిని తిరిగి తెచ్చుకొనును. వేరులేని కొమ్మ యెక్కడినుండి తెచ్చుకొనును? ఆదాయము లేని యింట వ్యయము తగ్గించినట్లే ఆకు తగ్గింపవలెను.

అట్లని ఆకులన్నియు దూసివేయుటయు మంచిది కాదు. లేతయాకులలోను కొనచిగురులలోను ఆక్సిన్ అను పదార్థము పుట్టి క్రిందికి దిగుచుండును. కొమ్మను కోసినప్పుడు అది కోతయొద్ద నిలిచిపోవును. అప్పుడు అచ్చటి కణములు తమ తొంటి పని మాని వేరుమొనలుగా మారును. హాలండు దేశములోని యూట్రెక్ట్ నగరమున వెంట్ అను పండితుడు 1928లో ఈ పదార్థపు ఉనికిని ఋజువు చేసెను. 1934లో అచ్చటనే కోగ్లు అను రసాయనశాస్త్రవేత్త ఇండోల్ అసెటిక్ ఆమ్లమే ఆక్సిన్ అని గుర్తించెను. మఱుసటి యేట అది కొమ్మలకు వేళ్లు పుట్టించునని తెలిసినది. ఇప్పుడు ఎఱువుల దుకాణములలోను నర్సరీలలోను దొరకు వేరుపొడిలో నుండునది సాధారణముగా దీని జ్ఞాతియైన ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లము. కోసిన మొనను తడిచేసి, ఆ పొడిలో అద్ది, విదిలించి నాటవలెను. చిటికెడు చాలును, ఎక్కువైన మొన మాడును. మల్లెకు, మందారమునకు అది లేకున్నను పని జరుగును. మొండికొమ్మల విషయమున మాత్రము మేలు చేయును.

మన్ను

ఎఱువు వేసిన మన్ను మొక్కకు బలము గాని, కోసిన కొమ్మకు మేలు కాదు. వేరు లేనిదే ఎఱువును తినునది ఏది? పైగా పచ్చియెఱువులోని బూజు కోతకు పట్టి క్రుళ్లించును. మేనత్త మానేటి యిసుకను నాలుగు నీళ్లు కడిగి, రెండు పాళ్లు ఇసుకకు ఒక పాలు ఎఱ్ఱ చెలకమన్ను కలిపినది. ఇసుక దొరకనిచోట నానబెట్టి పిండిన కొబ్బరిపీచు పొట్టును ఆ మన్నుతో కలుపుకొనవచ్చును. నీరు నిలువరాదు, తేమ పోరాదు, ఇంతే సూత్రము. కుండపెంకు, కొబ్బరిచిప్ప, పాలసంచి ఏదైనను సరే, అడుగున రంధ్రముండవలెను.

ముందుగా పుల్లతో రంధ్రము చేసి అందులో కొమ్మ నుంచవలెను. కొమ్మతోనే మన్నును పొడిచినచో కోత చితుకును. రెండు గణుపులు మన్నులోను, రెండు పైనను ఉండునట్లు నిలిపి, చుట్టును వ్రేళ్లతో అదుమవలెను. అదుమక వదలినచో లోపల గాలి నిలిచి కొమ్మ యెండును.

నీడ, తేమ, ఓపిక

నాటిన కొమ్మను బాలింతను చూచినట్లు చూడవలెను. ఎండ తగులరాదు, వెలుతురు ఉండవలెను. చెట్టునీడ, వసారా, ఉదయపు వెలుతురు పడు కిటికీ మంచి తావులు. పైన గాజుగ్లాసో, అడుగు కోసివేసిన నీళ్ల సీసాయో బోర్లించినచో లోపలి గాలి తేమగా నుండి ఆకు వాడదు. సీసా మూతను దినమునకొకమారు కొంతసేపు తీసి గాలి యాడనీయవలెను. నీరు పోయుట కాదు, చల్లుట మేలు. మన్నును వ్రేలితో తాకి చూచి, పొడిగా నున్నప్పుడే తడుపవలెను. మొదట నలుపెక్కి మెత్తబడిన కొమ్మ నీరెక్కువై పోయినదని తెలిసికొనవలెను. ఆకు ముడుచుకొని పెళుసుబారినది నీరు చాలక పోయినది.

ఇచ్చట ఇద్దఱు శత్రువులు కలరు. మొదటిది ఆత్రము. వేరు వచ్చినదా యని దినదినము కొమ్మను పెఱికి చూచువారు కలరు, మేమును చూచితిమి. అప్పుడే పుట్టిన వేరు దారపు పోగుకన్న సన్నము, కదిపిన తెగును. రెండవది తొందరపాటు సంతోషము. పదునైదు దినములకే చిగురు కనబడిన కొమ్మ బ్రదికినదని మనము పండుగ చేసికొందుము. ఆ చిగురు కొమ్మలో దాచుకొనిన సత్తువతో వచ్చినది కావచ్చును. వేరు రాకయే చిగిర్చి, ఆ సత్తువ తీరగానే చచ్చు కొమ్మలు ఎన్నియో కలవు. చిగురునకు కొత్త యాకులు రెండు మూడు తొడిగి, మెల్లగా లాగిన కొమ్మ పట్టుగా నిలిచినప్పుడే, లేక కుండ అడుగు రంధ్రమున తెల్లని వేరు కనబడినప్పుడే నమ్మవలెను. మందారమునకు నెల, నెలన్నర. మల్లెకు నెలనుండి రెండు నెలలు పట్టును. వేరు పడిన పిదప ఒక్కమారుగా ఎండలో పెట్టక, పదిదినములు కొంచెము కొంచెముగా అలవాటు చేసి, అప్పుడు ఎఱువు కలిపిన మన్నులోనికి మార్చవలెను.

ఏది కొమ్మతో వచ్చును, ఏది రాదు

ఈ విద్య నేటిది కాదు. ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున కాండముతో నాటదగిన చెట్లను చెప్పుచు, అరటి, దానిమ్మ, ద్రాక్ష, మాదీఫలము, అతిముక్తము మొదలగువానిని పేర్కొని, కోతకు గోమయము పూయవలెనన్నాడు. ఆ పట్టికలో పనసయు నేరేడును కూడ కలవు. చిన్ననాడు తండ్రిగారియొద్ద ఆ గ్రంథము చదివినప్పుడు మాకిది కొత్తగా తోచలేదు. ఇప్పుడు చేసి చూడగా దానిమ్మ, ద్రాక్ష నిజముగా సులభములు. పనసకొమ్మ మాత్రము మాకు ఒక్కమారును వేరు వేయలేదు. పెద్దల మాట గౌరవింపదగినది. అయినను చేసి చూచి చెప్పుట మంచిది.

మన రైతు సోదరీమణులకు చెఱకు ముచ్చెలు నాటుట, మన ప్రాంతమున కందగడ్డ యని పిలుచు చిలగడదుంపకు తీగముక్కలు నాటుట తెలిసినదే. ఇంటి పెరటి మొక్కల సంగతి యిది. తులసిరెమ్మను నీటిగ్లాసులో నిలిపి, రెండు దినముల కొకమారు నీరు మార్చుచున్న వారము పదిదినములలో తెల్లని వేళ్లు కనబడును. పిల్లలకు చూపుటకు ఇంతకన్న మంచి పాఠము లేదు. తమలపాకు తీగ గణుపుగణుపునకు తానే వేరు వేయును. మునగకు సన్నరెమ్మ పనికిరాదు. మణికట్టంత లావు, మూడు నాలుగడుగుల పొడవు గల కొమ్మను కోసి, నాలుగైదు దినములు నీడలో ఆఱనిచ్చి, తొలకరికి ముందు నాటవలెను. గోరింట, కాగితపు పూలు, నందివర్ధనము వానకాలమున సులభముగా వచ్చును. గన్నేరు కూడ వచ్చును గాని దాని పాలు విషము. కోసిన చేతిని వెంటనే కడుగుకొనవలెను, పిల్లలను దగ్గఱకు రానీయరాదు. ఢిల్లీ కనకాంబరమునకు విత్తు పట్టదు, కొమ్మయే గతి. దేశవాళి గులాబికి వానలు తగ్గి చల్లబడు కాలము మేలు.

కరివేప, అనగా మన కల్యామాకు, కొమ్మతో వచ్చుట కష్టము. చెట్టుచుట్టు వేరునుండి లేచు పిలకను వేరు తెగకుండ తీసి నాటుట మేలు. కొమ్మ కోసి నాటుటకు ధైర్యము చాలనివారు మల్లెను నేల అంటు త్రొక్కవచ్చును. పొడుగు తీగను వంచి, నడుమ గణుపును మన్నులో కప్పి, రాయి బరువుంచినచో తల్లి పాలు త్రాగుచునే అది వేరు వేయును. వేరు పడిన పిదప కోసి వేరుచేయుటయే.

ఆదిలాబాదు చలిలో నేర్చినది

మేనత్త నాటిన తొమ్మిదింటిలో నాలుగు అమ్మ కొత్త యింటికి, మూడు చెల్లెండ్రకు పోయినవి. రెండు మాయొద్ద నిలిచినవి. ఆ రెండును పూతకు వచ్చిన పిదప, 2021లో మావారికి ఉట్నూరు సమీపమునకు బదిలీ యైనది. కరీంనగరపు తొట్లను బండిపై కదలింపలేక, తడిగుడ్డలో ఇరువది కొమ్మలు చుట్టుకొని బయలుదేరితిమి. ఈసారి పద్ధతి తెలియును గదా యని ధీమాగా నుంటిమి. అది పుష్యమాసము. ఆదిలాబాదు సీమలో చలికాలపు రాత్రులు పది డిగ్రీల లోపునకు దిగుట వింత కాదు. కొమ్మలు వాడలేదు, క్రుళ్లలేదు, చిగుర్పలేదు. నెలన్నర అట్లే నిద్రపోయినవి. పిదప ఎండలు ముదిరి ఒక్కటొక్కటిగా పోయినవి. ఇరువదిలో రెండే మిగిలినవి. ఇసుక మంచిదే, కోత మంచిదే, చేయి అదే. కాలము మాత్రము వేరు.

మఱుసటి యేడు మృగశిర కార్తె వచ్చి, అచ్చటివారు మిరుగమని పిలుచు తొలివానలు కురిసి, నేల చల్లబడిన తరువాత, మా కరీంనగరపు పాత యింటినుండి ఇరువది కొమ్మలు మరల తెచ్చి నాటితిమి. ఉట్నూరు నల్లరేగడి నీరు నిలుపుకొనును గనుక దానిని తొట్టిలో వాడక, వాగు ఇసుకయే వాడితిమి. పదునాలుగు బ్రదికినవి. మల్లె మొదలగువానికి ఆర్ద్ర, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష కార్తెలు, అనగా జూన్ మూడవ వారము తరువాతనుండి ఆగస్టు నడుమవరకు గల కాలము మన ఉత్తర తెలంగాణమున అనుకూలము. గాలిలో తేమ యుండును, ఎండ యుడుకు తగ్గును, చలి రాదు. మనము సీసా బోర్లించి చేయు పనిని ఆకాశమే చేసిపెట్టును.

కొమ్మ మోసిన చేతులు

విత్తనముతో పుట్టిన మొక్క బిడ్డ వంటిది. తల్లి పోలిక కొంత, తండ్రి పోలిక కొంత. కొమ్మతో పెరిగిన మొక్క బిడ్డ కాదు, తల్లియే. అదే దేహము, అదే పరిమళము మరియొక చోట కొనసాగుట. అశోకుని కుమార్తె సంఘమిత్ర క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమున గయలోని బోధివృక్షపు కొమ్మను సింహళమునకు కొనిపోయిన కథను మహావంశము చెప్పుచున్నది. అనురాధపురములో దానినుండి పెరిగిన చెట్టు నేటికిని పూజలందుకొనుచున్నది. గయలోని మూలవృక్షము నశించినను, ఒక స్త్రీ మోసికొనిపోయిన కొమ్మ సముద్రమునకు ఆవల నిలిచినది. సంఘమిత్ర సన్యసించిన స్త్రీ, భిక్షుణి. ఆమె చేతికి పసుపు లేదు, గాజులు లేవు. చెట్టు ఆ లెక్క చూడలేదు.

2019లో కాళేశ్వరపు నీరును మధ్య మానేటికి చేరినది. మా బావి, బావిగట్టు, పొద మొదలు ఇప్పుడు నీటి యడుగున ఉన్నవి. కాని అమ్మ కొత్త యింటి ముంగిట, చెల్లెండ్ర యిండ్లలో, ఉట్నూరు వసారాలో వేసవి సాయంకాలములందు విచ్చునది ఆ మల్లెయే.

పునరావాస కాలనీలో ఇప్పుడు ఎవరికి కొమ్మ కావలసినను మా మేనత్తను పిలుతురు. కొత్త కోడండ్రు వచ్చి, “నువ్వే నీ చేతితోని పెట్టియ్యి అత్తా” అని అడుగుదురు. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు ఆమె మాతో మెల్లగా ననిన మాట యిది: “యాభై ఏండ్లు నా చెయ్యి మంచిది గాదని నేను గూడ అనుకుంటి బిడ్డా.”

కనుక, సోదరీమణులారా, రాబోవు ఆర్ద్ర కార్తెలో ఒక కొమ్మ కోయుడు. ఎండిన యెడల చేతిని నిందింపక కోతను, మన్నును, కాలమును పరిశీలించి మరల నాటుడు. నాటునప్పుడు ఇంటిలో ప్రక్కన నిలుచుండి చూచు మేనత్తయో పెద్దమ్మయో యున్నయెడల, ఆ కొమ్మను ముందుగా ఆమె చేతికి ఇండు.